చెప్పింది 2 యాంపియర్లు, పంపింది కుంపటి: పవర్ సప్లై కొనేవారు జాగ్రత్త

యూరోర్యాక్ (విడివిడి మాడ్యూళ్లను ఒక పెట్టెలో బిగించి వాయించుకునే సింథసైజర్) పెట్టెలకు పవర్ సప్లైలు చేసి అమ్మే ఆ పెద్దమనిషి మీలో చాలామందికి తెలిసినవాడే కనుక పరిచయం అక్కర్లేదు, పేరు రాయడం నాకూ ఇష్టం లేదు. ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల దగ్గర చెరో 2 యాంపియర్లు ఇస్తుందని ఆయన చెప్పిన సప్లైని గత నెలలో 9,500 రూపాయలు ముందుగానే చెల్లించి తెప్పించుకున్నాను. లోపలి ఫొటో ఒకటి పంపమని అడగాలన్న ఆలోచన ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసిన నాకు తట్టనే లేదు.

తిరుపతి కొర్లగుంటలోని మా మేడగదిలో దాన్ని బిగించిన రోజే, అరగంట గడిచేసరికి స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్ మాడ్యూల్ శ్రుతి జారింది, ఆ వెనుకే ప్లస్ 12 దీపం ఆరిపోయింది. పది నిమిషాలు ఆపి ఉంచితే ఏమీ ఎరగనట్టు మళ్లీ వెలిగింది. తప్పు నా మాడ్యూళ్లదేనేమోనని రిబ్బన్ కేబుళ్లన్నీ పీకేసి, ఒక్కొక్కటే తగిలిస్తూ మల్టీమీటరుతో కూర్చున్నాను. ఏదీ షార్టు కాలేదు సరికదా, అన్నీ కలిసి ప్లస్ 12 వైపు లాగుతున్నది 650 మిల్లీ యాంపియర్లే, అంటే ఆయన చెప్పినదానిలో మూడో వంతు.

ఫోన్ చేస్తే, "మీ తిరుపతి ఎండలకు ఏదైనా కాలిపోతుందన్నా, ఫ్యాను పెట్టుకో" అన్నాడు. పెట్టాను, అరగంట కాస్తా నలభై నిమిషాలైంది. మరునాడు ఆయనే, "నాలుగు స్క్రూలు విప్పి లోపల వైరేమైనా వదులైందేమో చూడన్నా" అన్నాడు. ఒక స్క్రూ మీద కందిబద్దంత తెల్ల స్టిక్కరు అంటించి ఉంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఆయన లైనులో ఉండగానే దాన్ని గోటితో గీకేశాను.

లోపల ఉన్నది 7812 రెగ్యులేటర్, అంటే ప్లస్ 12 వోల్టులను నిలకడగా ఉంచే చిప్పు. ఎంత బాగా చల్లబరిచినా ఒకటిన్నర యాంపియరుకు మించి ఇవ్వని ఆ చిప్పు నుంచి 2 యాంపియర్లు ఎలా పిండాలనుకున్నాడో ఆయనకే తెలియాలి. దాని మీద వేలు క్షణం కూడా నిలవలేదు గాని, వెనుక దాని వేడిని లాగాల్సిన హీట్ సింక్ మాత్రం గోరువెచ్చగా ఉంది. విప్పి చూస్తే రెండింటి మధ్య వేడిని దాటించే పేస్టు చుక్కయినా లేదు. 15-0-15 (మధ్య తీగకు అటూ ఇటూ 15 వోల్టులు) ట్రాన్స్‌ఫార్మర్ సరిపోయే చోట 18-0-18 పెట్టడంతో కెపాసిటర్ దగ్గర 23 వోల్టులు చూపించింది. అందులో 12 పోగా మిగిలిన 11 వోల్టులను 650 మిల్లీ యాంపియర్లతో హెచ్చిస్తే ఏడు వాట్లకు పైగా వేడి తేలుతుంది, అదంతా బయటికి దారిలేక చిప్పులోనే నిలిచి, లోపల 150 డిగ్రీల దరిదాపులకు చేరగానే అది తనను తాను ఆపుకుంటోంది.

ఫొటోలన్నీ పంపాను. రెండు గంటల తరువాత ఒకే ఒక్క వాక్యం వచ్చింది: "సీలు తీశారు కాబట్టి గ్యారంటీ వర్తించదు సార్." మూడుసార్లు చదువుకున్నాను. విప్పమన్నది తమరే కదా అని అడిగితే, "నేను అలా చెప్పలేదే" అన్నాడు. స్టిక్కరు గీకుతున్న చప్పుడు ఆయన చెవికీ చేరే ఉంటుంది. డబ్బు అందేదాకా, ఫోన్లో మాట్లాడినంతసేపూ "అన్నా" అన్న నోరు రాతలోకి వచ్చేసరికి "సార్" అనడం నేర్చుకుంది. ఫోన్లో అన్న మాటను మెసేజీలో రాయించుకోని నా తెలివికి ఎవరైనా శాలువా కప్పాలి.

పేస్టు పూసి, పెద్ద హీట్ సింక్ బిగించాక నిన్న మూడు గంటలు ఆగకుండా నడిచింది. దానికైన ఖర్చు 180 రూపాయలు, ఆయన మిగుల్చుకున్నదీ బహుశా అంతే.

కొనేవారు లోపలి ఫొటో, ట్రాన్స్‌ఫార్మర్ మీది అంకెలు ముందే అడగండి, విప్పమంటే ఆ మాట రాతలో తీసుకోండి. నాలాగే స్వయంగా బాగుచేసుకునేవారు ప్లగ్గు పీకి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాకే చెయ్యి పెట్టండి. మైనస్ 12 వైపు ఉండే 7912 చిప్పు వెనుక రేకు గ్రౌండు కాదు, ఇన్‌పుట్టు. కనుక రెండు చిప్పులనూ ఒకే హీట్ సింక్‌కు బిగిస్తే 7912కూ దానికీ మధ్య కరెంటును దాటనివ్వని మైకా ముక్క పెట్టడం మరవకండి.