గ్రావిటీ కిట్: గుడ్డ బాగుంది, బుక్‌లెట్ దండగ

గురుత్వాకర్షణ ఎలా పనిచేస్తుందో పిల్లలకి చూపించే కిట్ ఇది, బీసెంట్ రోడ్డు బొమ్మల షాపులో దొరికింది. మీటరు వెడల్పు రింగు, సాగే గుడ్డ, క్లిప్పులు, కిలో ఇనప గుండు, గోళీలు ఉంటాయి. గుడ్డ నాణ్యతకి వంక పెట్టలేం. కానీ డోలు మీద తోలులా బిగిస్తే గుండు పెట్టినా గుంట పడదు. మధ్యలో నాలుగైదు అంగుళాలు దిగేలా క్లిప్పులు వదులు చేయాలి. గుండు భూమి, గోళీ చంద్రుడు అనుకోండి. గోళీని గుండు మీదికి కాదు, అంచు వెంట పక్కకి దొర్లించాలి. కాసేపు చుట్టూ తిరిగి లోపలికి జారిపోతుంది. అది గుడ్డ రాపిడి వల్ల. చంద్రుడికి ఆ బాధ లేదని పిల్లలకి అప్పుడే చెప్పేయండి, లేకపోతే వాడూ పడిపోతాడనుకుంటారు.

బుక్‌లెట్‌లో మాత్రం అంతరిక్షంలో గురుత్వాకర్షణే ఉండదని రాసేశారు. శుద్ధ తప్పు. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దగ్గర కూడా నేల మీద ఉన్నదాంట్లో సుమారు 90 శాతం ఉంటుంది. సెకనుకి 7.6 కిలోమీటర్ల చొప్పున పక్కకి దూసుకుపోతూ, భూమి వైపు పడుతూనే ఉంటారు కాబట్టి వ్యోమగాములు తేలుతారు.

ఇది చూపించడానికి కిట్ కూడా అక్కర్లేదు. వాటర్ బాటిల్ అడుగున పక్కగా చిల్లు పెట్టి, నీళ్లు నింపి, మూత తీసి మేడ మీంచి వదలండి. పడుతున్నంతసేపూ నీళ్లూ బాటిలూ కలిసే పడతాయి కాబట్టి చిల్లులోంచి ధార రాదు. మూత బిగిస్తే చేతిలో ఉన్నప్పుడూ రాదు, ఇక తేడా ఏం తెలుస్తుంది?

గోళీలు నోట్లో పెట్టుకునే చంటిపిల్లలున్న ఇంటికి వద్దు.