విల్సన్ ఆర్‌ఎఫ్ 97: బరువు రాకెట్‌కి మారితే ఏం దక్కుతుంది, ఏం పోతుంది

ఫెదరర్ పేరుతో వచ్చిన టెన్నిస్ రాకెట్ ప్రో స్టాఫ్ ఆర్‌ఎఫ్ 97 గురించి అడిగేవాళ్లంతా ముందు భయపడేది 340 గ్రాములన్న అంకె చూసి. అది గట్టింగ్ చేయని, అంటే స్ట్రింగ్స్ బిగించని ఫ్రేము బరువు. స్ట్రింగ్స్ పడ్డాక 357 దాకా వస్తుంది. ఓవర్‌గ్రిప్ (పిడి మీద చుట్టే పలచని పట్టీ) చుట్టి డ్యాంపెనర్ (స్ట్రింగ్స్ అదురు తగ్గించే రబ్బరు ముక్క) పెడితే 365 దగ్గర తేలుతుంది. దీనికి ముందు నా చేతిలో ఉన్నది బబోలా ప్యూర్ డ్రైవ్: ఫ్రేము 300 గ్రాములు, తల (స్ట్రింగ్స్ ఉండే భాగం) 100 చదరపు అంగుళాలు. అంటే బరువు 40 గ్రాములు పెరిగింది, తల మూడు చదరపు అంగుళాలు తగ్గింది. 2014లో ఫెదరర్ 90 చదరపు అంగుళాల తల నుంచి 97కి మారినప్పుడు ఆయనకది పెద్ద రాకెట్. మనలాంటి వాళ్లకు అదే చిన్న రాకెట్.

చాలాకాలం ఆడాక నా తీర్పు ఇది: బరువుకు అలవాటు పడటం కష్టం కాదు, రాకెట్ బంతి దగ్గరికి ఆలస్యంగా చేరడానికి అలవాటు పడటమే కష్టం.

ఎందుకో చెప్పాలంటే బ్యాలెన్స్ (రాకెట్ ఎటూ ఒరగకుండా నిలిచే చోటు) సంగతి ఎత్తాలి. ఈ ఫ్రేము బరువు ఎక్కువగా పిడి వైపే ఉంటుంది. స్ట్రింగ్స్‌తో తూస్తే బ్యాలెన్స్ పిడి చివర నుంచి సుమారు 31.5 సెంటీమీటర్ల దగ్గర, ప్యూర్ డ్రైవ్‌కి 33 దగ్గర. అందుకే బరువులో 40 గ్రాముల తేడా ఉన్నా స్వింగ్‌వెయిట్‌లో, అంటే ఊపేటప్పుడు తెలిసే బరువు కొలతలో తేడా 15 చుట్టుపక్కలే (దాదాపు 320 నుంచి 335కి). షాపులో చేత్తో ఊపి చూసి "అబ్బే, పెద్ద బరువేం లేదే" అనేది ఇందుకే. ఆ మాట మూడో సెట్‌లో అనరు.

దక్కేదాని విషయంలో ఎలాంటి సందేహం అక్కర్లేదు. ఫస్ట్ సర్వ్ రిటర్న్‌లో భుజం తిప్పి రాకెట్ అడ్డం పెడితే చాలు, బంతి బేస్‌లైన్ దగ్గరకు వెళ్లి పడుతుంది. ప్యూర్ డ్రైవ్‌తో అదే బ్లాక్ ఆడితే, స్వీట్ స్పాట్‌కి (బంతి బాగా తగిలే తల మధ్య భాగానికి) కాస్త పక్కన తగిలినా తల మెలి తిరిగి బంతి సర్వీస్ బాక్సులోనే పడేది. నెట్ దగ్గర వాలీ, వెనక నుంచి బ్యాక్‌హ్యాండ్ స్లైస్, ఈ రెండూ ఒక మెట్టు పైకి ఎక్కుతాయి. స్లైస్ మరీ బాగుంటుంది, కిందికి కోస్తూ పోయి లేవకుండా జారుతుంది. డబుల్స్ ఆడేవాళ్లయితే ఇక్కడితో చదవడం ఆపి కొనుక్కోవచ్చు.

సింగిల్స్‌లోనే చిక్కు. కోర్టు చివరకు లాగేస్తే పరుగెత్తి కొట్టే ఫోర్‌హ్యాండ్‌లో మణికట్టుతో చివరి క్షణంలో సర్దుకోవడం ఈ రాకెట్‌తో కుదరదు. కుడిచేతి వాటం వాళ్లు క్రాస్‌కోర్ట్ అనుకుని కొట్టిన బంతి నేరుగా వెళ్తోందంటే, లేదా కుడి సైడ్‌లైన్ దాటుతోందంటే కాంటాక్ట్ (రాకెట్‌కి బంతి తగిలే చోటు) వెనకబడిందన్నమాట. రెండోది కిక్ సర్వ్, అంటే స్పిన్‌తో పడి ఎత్తుగా లేచే సర్వ్. అలసట రాగానే మొదట తగ్గేది తల వేగం, దాంతోపాటే స్పిన్. ఎదుటివాడి భుజం దాకా లేవాల్సిన సెకండ్ సర్వ్ నడుము ఎత్తుకే వచ్చి కూర్చుంటుంది. అలాంటప్పుడు కిక్ మానేసి పక్కకు మళ్లే స్లైస్ సర్వ్ వేసుకోవడం మేలు.

మారేటప్పుడు నేరుగా మ్యాచ్‌లోకి దిగొద్దు. మొదటి రెండు వారాలు అరగంట ర్యాలీలు, వాలీలు మాత్రమే. సర్వ్‌లు ఇరవై ముప్పై దగ్గర ఆపేయాలి. బంతి నెట్ దాటకముందే భుజాలు తిరిగిపోవాలి. పిడిని గట్టిగా పట్టుకోకూడదు: బిగపట్టి ఈ బరువును తోస్తే ముంజేయి పట్టేస్తుంది, వదులుగా పట్టి ముందే ఊపు మొదలుపెడితే రాకెట్టే పని చేసుకుపోతుంది. బరువు ఎక్కువగా ఉంటే మోచేతికి మంచిదనే మాటలో సగమే నిజం. బంతి దెబ్బకు బరువు ఫ్రేము తక్కువగా అదురుతుంది కాబట్టి మోచేతికి సుఖమే, కానీ ఆ బరువు మోసేది భుజం. పైగా ఇదేమీ వంగే మెత్తటి ఫ్రేము కాదు, గట్టిదే. భుజం నొప్పి ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

గట్టింగ్‌లో పాత టెన్షన్ (స్ట్రింగ్స్ బిగింపు) అలాగే ఉంచితే బోర్డులా అనిపిస్తుంది. తల చిన్నదైతే స్ట్రింగ్స్ పొడవు తగ్గుతుంది, అదే టెన్షన్ ఇంకా బిగుతుగా తెలుస్తుంది. ప్యూర్ డ్రైవ్‌లో 54 పౌండ్లు వేయించుకునేవాళ్లు ఇందులో 51తో మొదలుపెట్టండి. నాకు కుదిరింది 1.25 మిల్లీమీటర్ల మందం పాలియెస్టర్ నిలువు స్ట్రింగ్స్‌కి, మల్టీఫిలమెంట్ (సన్నటి పోగులతో చేసిన మెత్తటి రకం) అడ్డం స్ట్రింగ్స్‌కి. పూర్తి పాలియెస్టర్ అయితే 48 పౌండ్లకు దించాలి. మన ఎండాకాలంలో రాకెట్‌ని కారు డిక్కీలో వదిలేస్తే టెన్షన్ కారిపోతుంది. విజయవాడ, విశాఖ చెమటకి జిగురు ఓవర్‌గ్రిప్‌లు జారుతాయి, బరువు రాకెట్ జారితే అదుపు తప్పేది ఇంకా ఎక్కువ. తడిసేకొద్దీ పట్టు పెంచే టూర్నా లాంటి పొడి రకం వాడండి.

నా లెక్కలో చాలామందికి సరైన మజిలీ 340 కాదు, 315 గ్రాముల మామూలు ప్రో స్టాఫ్ 97. అదీ ఎందుకు, ఉన్న రాకెట్‌నే పెంచుకుని చూద్దామనుకుంటే లెదర్ గ్రిప్‌తో మొదలుపెట్టండి. సింథటిక్ గ్రిప్ తీసి లెదర్ వేస్తే దాదాపు 10 గ్రాములు పెరుగుతుంది, బ్యాలెన్స్ ఆరేడు మిల్లీమీటర్లు పిడి వైపు జరుగుతుంది, స్వింగ్‌వెయిట్ ఇంచుమించు మారదు. లెదర్ పలచన కాబట్టి పిడి కొంచెం సన్నబడుతుంది, పైన ఓవర్‌గ్రిప్‌తో సరిపోతుంది. ఆ తర్వాత లెడ్ టేప్, అంటే ఫ్రేముకి అంటించే సీసం పట్టీ. తల కొసన 3 గ్రాములు అంటిస్తే స్వింగ్‌వెయిట్ పది పెరుగుతుంది. అదే 3 గ్రాముల్ని చెరిసగం చేసి గడియారంలో 3, 9 అంకెలు ఉండే చోట అంటిస్తే పెరిగేది ఐదారే, కానీ తల మెలి తిరగడం తగ్గుతుంది. రెండోదే ముందు చేయండి. కొసన అంటించిన వెంటనే సర్వ్ బాగుందనిపించి ఇంకో ముక్క, ఇంకో ముక్క అని పెంచుకుంటూ పోవడం అందరికీ ఉన్న జబ్బే. సీసం విషం, అంటించాక చేతులు కడుక్కోండి. ఆ బెడద వద్దనుకుంటే టంగ్‌స్టన్ టేప్ ఉంది, ఖరీదెక్కువ.

రెండు రాకెట్లు కొనేవాళ్లు షాపుకి చిన్న డిజిటల్ కాటా పట్టుకెళ్లండి. ఒకే మోడల్లో ఐదారు గ్రాముల తేడా మామూలే. బ్యాలెన్స్ చూడటానికి టేపు, అంచున్న స్కేలు చాలు. రెండూ సమానంగా దొరక్కపోతే తేలికదాన్ని తీసుకుని టేప్‌తో బరువుదానికి సరిచేయొచ్చు. బరువుదాన్ని మాత్రం ఎవరూ తగ్గించలేరు.