కిటికీ హీట్ పంప్: రెండేళ్ల వాడకం తర్వాత

చలికాలంలో మా బిల్డింగ్ మొత్తానికీ వేడి ఒకటే బాయిలర్ నుంచి. ఆవిరి వస్తే గదంతా ఉక్క, రాకపోతే వణుకు. ఉక్క భరించలేక, బయట మంచు పడుతున్నా కిటికీ తెరిచిన రోజులున్నాయి. ఎండాకాలానికి వేరే కిటికీ ఏసీ. ఇప్పుడు ఆ రెండు పనులూ హాల్లో కిటికీ దగ్గరున్న ఒకే మెషిన్, ఈ హీట్ పంప్, చేస్తోంది.

గుర్రం మీద జీనులా ఇది కిటికీ గట్టు మీద కూర్చుంటుంది. కంప్రెసర్ బయట, గాలి వదిలే భాగం లోపల, రెంటికీ మధ్య సన్నటి భాగం. దాని మీదికి కిటికీ తలుపు దించేస్తాం కాబట్టి వెలుతురు పోదు, చప్పుడూ చాలావరకు బయటే ఉండిపోతుంది. పైకీ కిందికీ జరిగే కిటికీలకే ఇది సరిపోతుంది. గోడకు రంధ్రం అక్కర్లేదు, మామూలు సాకెట్ చాలు. న్యూయార్క్ ప్రభుత్వ గృహాల కోసం 2022లో ఇలాంటివి 30,000 కొనాలని నిర్ణయించడానికి కారణం కూడా ఇదే: కాపురాలున్న ఇళ్లలో పైపులు, వైరింగ్ అన్నీ మార్చడం మాటలు కాదు.

మామూలు హీటర్ ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తుంది. ఇది బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి లాగుతుంది కాబట్టి, చలి మరీ లేనప్పుడు మూడింతల దాకా ఇవ్వగలదు. చలి ముదిరేకొద్దీ ఆ లాభం తగ్గుతుంది. సాకెట్‌కు మీటరు పెట్టి చూశాను. బయట 8 డిగ్రీలున్న రోజు 350 వాట్ల దగ్గర ఆడింది. మైనస్ 10 ఉన్న రాత్రి 1,100 దాటింది.

మొదటి నెల ఆఫీసుకు వెళ్తూ ఆపేసి, వచ్చాక వేసేదాన్ని. గది వేడెక్కడానికి గంటన్నర, అంతసేపూ ఫుల్ స్పీడు. ఇప్పుడు రోజంతా 20 డిగ్రీల్లోనే వదిలేస్తున్నాను, అది నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. చెయ్యి పెడితే గాలి గోరువెచ్చగానే ఉంటుంది. మా అమ్మ మొదట్లో రోజూ "ఇది పనిచేస్తోందంటావా?" అని అడిగేది. గది మూలల్లో కూడా చలి లేదని తెలిశాక అడగడం మానేసింది.

తేమ ఎక్కువున్న చలిలో బయటి కాయిల్‌కు మంచు పడుతుంది. దాన్ని కరిగించడానికి మెషిన్ కొన్ని నిమిషాలు వేడి ఆపేస్తుంది. అది రిపేరు కాదు, దాని పద్ధతే అంత. నాకు టెన్షన్ పెట్టింది కరిగిన నీళ్లు. అవి బయటే మళ్లీ గడ్డకట్టి ఊచల్లా వేలాడాయి, కింద మనుషులు నడిచే దారి. కొనేముందు ఆ నీళ్లు ఎటు పోతాయో తప్పకుండా అడగండి.

ఇంకో ఇబ్బంది, కిటికీ పక్కల సందులు. బిగించడానికి వచ్చినవాళ్లు పెట్టిన పల్చటి ఫోమ్ నెలకే అణిగిపోయి గాలి ఈల వేసింది. మందపాటి ఫోమ్ పట్టీ తెచ్చి నేనే మళ్లీ అతికించాను. ఆ రోజు నుంచి గదిలో తేడా కాళ్లకు తెలిసింది.

ఎండాకాలంలో చల్లదనానికి వంక పెట్టలేను. పాత ఏసీలా టక్కున ఆగి మళ్లీ గర్జించదు, రాత్రి నిద్ర చెడదు. రెండు వారాలకోసారి ఫిల్టర్ కడిగితే చాలు.

కానీ ఇది ఒక్క గదికే. పడకగది తలుపు తీసి ఉంచినా అక్కడ నాలుగు డిగ్రీలు తక్కువే. దానికి రెండోది కొనాలనుకుంటున్నాను. రెండు గదుల సాకెట్లూ ఒకే బ్రేకర్ మీద ఉన్నాయో లేవో ముందు ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.