జేఆర్ఎఫ్ కోసం ఆగాల్నా, ఉన్న నెట్ స్కోరుతో పోవాల్నా?

నెట్ (పీహెచ్‌డీకి, లెక్చరర్ పోస్టులకు యూజీసీ అర్హత పరీక్ష) ఫలితాలు వచ్చిన ప్రతిసారీ పాలమూరు, నల్లగొండ తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగేది ఇదే: "అన్నా, పీహెచ్‌డీకి మాత్రమే అర్హత వచ్చింది. అప్లై చేయాల్నా, జేఆర్ఎఫ్ కోసం మళ్లా రాయాల్నా?"

జేఆర్ఎఫ్ అంటే నెట్‌లో పై స్కోరు వచ్చినోళ్లకు పరిశోధన కోసం నెలనెలా ఇచ్చే ఫెలోషిప్. పైసల లెక్కన దానికి తిరుగులేదు. నెలకు 37,000, పైన ఇంటి అద్దె. కానీ సీటు కాడికొచ్చేసరికి యూజీసీ పద్ధతిలో జేఆర్ఎఫ్ వాళ్లకు ఇంటర్వ్యూనే ఆధారం. మిగతా నెట్ వాళ్లకు పర్సంటైల్‌కు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం.

"ముప్పయ్యే కదా" అంటారు చాలామంది. ఒకరికి 95 పర్సంటైల్, ఇంకొకరికి 91 అనుకోండి. డెబ్బై శాతానికి దించితే తేడా 2.8 మార్కులే. ఇంటర్వ్యూలో మూడు మార్కులు ఎక్కువొస్తే వెనకున్నవాళ్లు ముందుకొస్తారు. పిలుపొచ్చినవాళ్ల పర్సంటైళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయంటే ఇక తేల్చేది ఇంటర్వ్యూనే.

ఇంటర్వ్యూలో మీ టాపిక్ ఏందన్న మొదటి ప్రశ్నకు జవాబు అందరూ బట్టీ పట్టుకొనే పోతారు. అసలు పరీక్ష రెండోది. టాపిక్ పాలమూరు వలస కూలీలనుకోండి. ఏ మండలం? పండక్కి ఊరొచ్చినప్పుడు కలుస్తారా, పనిచేసేకాడికే పోతారా? కూలీలను పనికి తీసుకపోయే గుంపు మేస్త్రీ పక్కన నిలబడితే అడ్వాన్సు గురించి కూలీ నోరు విప్పుతాడా? ఇంగ్లిష్ కాస్త తడబడినా గట్టెక్కొచ్చు. ఊరు తెలియకుండా ఊరి మీద ప్రపోజల్ రాస్తే మాత్రం దొరికిపోతారు. మక్తల్, నారాయణపేట దిక్కు పుట్టినోళ్లకు ఇది కలిసొచ్చే చోటు, వాళ్లే ఎక్కువ భయపడతారెందుకో!

నన్నడిగితే ఈ ఏడే పోండి. జేఆర్ఎఫ్ లేని నెట్ స్కోరు పీహెచ్‌డీ అడ్మిషన్‌కు ఏడాదే చెల్లుతుంది. చేరినాక కూడా వయసు మించకపోతే జేఆర్ఎఫ్‌కు రాసుకోవచ్చు. ఇంటర్వ్యూ భయంతోనే ఆగుతుంటే, రేపు జేఆర్ఎఫ్ వచ్చినా కూర్చోవాల్సింది ఆ ప్యానెల్ ముందే, అప్పుడు వెనకేసుకురావడానికి రాత మార్కులుండవు. ఇంట్లో గడవని పరిస్థితుంటే వేరే సంగతి. హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) లాంటి సెంట్రల్ యూనివర్సిటీల్లో జేఆర్ఎఫ్ లేనోళ్లకిచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000తో నెట్టుకురావడం కష్టమే.

ఇంటర్వ్యూనే వద్దనుకొని ఇంకో పీజీ చేస్తామంటే సీపీగెట్ (తెలంగాణ పీజీ ఎంట్రెన్స్) ఉంది, ర్యాంకు చూసి సీటిస్తారు, ఇంటర్వ్యూ ఉండదు. అమెరికా ఎంఎస్‌కు చాలా యూనివర్సిటీలు ఇంటర్వ్యూ పెట్టవు, అది వీసా కాడ ఎదురవుతుంది.

అప్లై చేసేముందు గైడ్ల ఖాళీలు చూసుకోండి. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి స్కాలర్లుండరు. మీ టాపిక్ తీసుకునే సార్ దగ్గర జాగా లేకపోతే ఇంటర్వ్యూ ఎంత బాగా చేసినా సీటు రాదు.