ఏడుగురికి ఒక పాత ఎర్టిగా: పర్లాకిమిడిలో ఆరేళ్ల వాడకం

మా పర్లాకిమిడిలో కారు కొన్నవాణ్ని ఎవరూ ముందు మైలేజీ అడగరు. "ఎంతమంది పడతారు?" అని అడుగుతారు. ఊరు ఒడిశాలో ఉన్నా మా చుట్టాలు, మా డాక్టర్లు, మా దేవుళ్లు సగం ఆంధ్రాలోనే ఉన్నారు. కారు బయటికి తీసేది విశాఖ ఆసుపత్రికి, శ్రీకాకుళం వైపు పెళ్లిళ్లకి, లేకపోతే అరసవల్లి, శ్రీముఖలింగం దర్శనాలకి. ఎందుకు బయల్దేరినా ఇద్దరం అనుకుంటే మరో నలుగురు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడతారు.

మాది బట్టల కొట్టు. ఇంట్లో నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. ఏడో మనిషి ఎవరని అడక్కండి, ఎవరో ఒకరు ఉంటారు. 2019 ఫిబ్రవరిలో 2014 మోడల్ మారుతి ఎర్టిగా, డీజిల్‌లో జెడ్‌డీఐ రకం, అప్పటికి 71 వేల కిలోమీటర్లు తిరిగినది, 5 లక్షల 65 వేలకు తీసుకున్నాను. ఇప్పుడు మీటరు 1,78,000 దాటింది. ఈ ఆరేళ్లలో దాని మంచీ చెడూ రెండూ చూశాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, అందుకని ఇంట్లో మాట్లాడుకున్నట్టే రాస్తాను.

కొనేటప్పుడు ఎక్కువ గొడవ చేసింది గుణుపూర్‌లో ఉండే మా అక్క మొగుడు. "అదే డబ్బుకి షోరూమ్ నుంచి కొత్త బండి వస్తుంది కదా బావా, ఎవరో వాడి వదిలేసింది నీకెందుకు?" అన్నాడు. నిజమే, కొత్త చిన్న కారు వచ్చేది. అందులో అయిదుగురు. ఆ అయిదుగురిలో వెనక సీటు మధ్యలో కూర్చునే మనిషి మా అమ్మ అయితే, పాతపట్నం దాటకముందే మోకాళ్ల గురించి వినాల్సి వచ్చేది. పాత ఇన్నోవా చూశాను, నా డబ్బుకి వచ్చేవన్నీ రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన ట్యాక్సీలే. చివరికి ఎర్టిగా దగ్గర ఆగాను. ఇండోనేషియా భాషలో 'టిగా' అంటే మూడట. మూడు వరుసల సీట్లు, పేరులోనే చెప్పేశారు.

బండి చూడ్డానికి ఒక్కణ్నే వెళ్లలేదు. పాతపట్నంలో నాకు తెలిసిన మెకానిక్‌ని వెంటపెట్టుకెళ్లాను. ముందు రోజే ఫోన్ చేసి చెప్పాడు: "మనం వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి బాబూ. వేడి చేసి ఉంచారంటే బేరం ఆడకుండా వచ్చేద్దాం." ఈ డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఉండదు, చైన్ ఉంటుంది. ఆయిల్ వేళకి మార్చని బండిలో ఆ చైన్ సాగి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో గలగలమంటుంది. వేడెక్కాక ఆ శబ్దం చాలామటుకు దాక్కుంటుంది. మేం చూసిన మొదటి బండి అలాగే గలగలమంది, వదిలేశాం. రెండోదానిలో చప్పుడు లేదు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూశాడు. అక్కణ్నుంచి పొగ ఎగదన్నితే పిస్టన్ రింగులు అరిగాయని అర్థమట. తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్లో నంబరు చెప్పి, ఏ సర్వీసు ఎన్ని కిలోమీటర్ల దగ్గర జరిగిందో అడిగాం. మీటరు తిప్పారో లేదో అక్కడ తెలిసిపోతుంది.

ఇంకో భయం ఉండేది. అంతకు నాలుగు నెలల ముందు, 2018 అక్టోబర్ 11న, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా, అటు శ్రీకాకుళం జిల్లా రెండూ అతలాకుతలం అయ్యాయి. నీళ్లలో మునిగిన బళ్లు తుడిచి, సెంటు కొట్టి అమ్మేస్తారని అందరూ అనుకునేవాళ్లు. మా మెకానిక్ సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగాడు. మునిగిన బండి అయితే లోపల చుట్టుకుని ఉన్న భాగంలో బురద గీత కనిపిస్తుంది. బెల్టుని ఎవరూ పూర్తిగా లాగి కడగరు కదా. సీటు కింద పట్టాల తుప్పు, స్టెపినీ ఉండే చోటు, కార్పెట్ కింద తడి వాసన, అన్నీ చూశాడు. ఆరోజు అతనికిచ్చిన వెయ్యి రూపాయలు నేను ఈ బండి మీద పెట్టిన అన్నిటికన్నా మంచి ఖర్చు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సరిహద్దు ఊళ్లలో ఉండేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. ఆంధ్రా బోర్డు బండి తెచ్చి అలాగే తిప్పుకునేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరుకి మార్చాలి. పాత ఆర్టీఓ ఆఫీసు నుంచి అభ్యంతరం లేదనే కాగితం, అంటే ఎన్ఓసీ, తెచ్చుకోవాలి, బండి మీద లోన్ ఉంటే బ్యాంకు నుంచి అది తీరినట్టు కాగితం తేవాలి, ఇక్కడ మళ్లీ రోడ్డు ట్యాక్స్ కట్టాలి. మిగిలిన కాలానికి పాత ట్యాక్సు వాపసు అడగొచ్చు. నేను రెండుసార్లు తిరిగి విసుగొచ్చి మానేశాను. ఎన్ఓసీకే రెండు నెలలు పట్టింది. మా జిల్లా నంబరు ఓడీ 20 బోర్డు బిగించిన రోజు మా నాన్న కొబ్బరికాయ కొట్టారు, బండి ఇంటికొచ్చిన రోజు కొట్టింది లెక్కలోకి రాదన్నారు. బేరం ఆడేటప్పుడే ఈ ట్యాక్సు ధరలో కలుపుకుని చూసుకోండి. నేను కలపలేదు.

ఇక నడిపే సంగతి. ఇంజన్ 1,248 సీసీ, శక్తి 90 పీఎస్, లాగే బలం అంటే టార్క్ 200 ఎన్ఎమ్. కాగితం మీద బాగుంటుంది. కానీ ఇంజన్‌లోకి గాలి గట్టిగా తోసే టర్బో లేచేదాకా, అంటే ఇంజన్ తిరిగే వేగం (ఆర్‌పీఎమ్) రెండు వేల దరిదాపులకి వచ్చేదాకా, బండి ఎద్దు పడుకున్నట్టు ఉంటుంది. లేచాక మాత్రం ఆగదు. నరసన్నపేట దగ్గర పెద్ద హైవే ఎక్కి మడపాం టోల్ దాటామంటే అయిదో గేరులో పడేసి విశాఖ దాకా హాయిగా వెళ్లిపోవచ్చు. ఏడుగురున్నా లారీని దాటడానికి భయం ఉండదు. ఊళ్లో, సంత రోజున మాత్రం ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా గేరు తగ్గించాల్సిందే.

అసలు పరీక్ష ఘాట్ రోడ్డు. మహేంద్రగిరి కొండ ఎత్తు 1,501 మీటర్లు. శివరాత్రికి జనం విరగబడతారు, మేం ఆ తర్వాతి వారం వెళ్తాం. సన్న రోడ్డు, నిలువు మలుపులు. మొదటిసారి ఏడుగురితో ఎక్కినప్పుడు మలుపులో సెకండ్ గేరులో ఉన్నాను. ఆర్‌పీఎమ్ పడిపోయింది, టర్బో నిద్రపోయింది, బండి గింజుకుంది. క్లచ్ సగం తొక్కి, యాక్సిలరేటర్ అదిమి ఎలాగో లాక్కొచ్చాను. వెనక నుంచి కాలిన వాసన వచ్చింది. మా అమ్మాయి "నాన్నా, ఎవరో ప్లాస్టిక్ కాలుస్తున్నారు" అంది. కాలుతున్నది మా క్లచ్ ప్లేటు. ఆ అలవాటు మానకపోవడంతో 1,12,000 దగ్గర క్లచ్ సెట్టు మొత్తం మార్చాల్సి వచ్చింది. కూలీతో కలిపి 11 వేలు. ఇది బండి తప్పు కాదు, నాది. ఇప్పుడు మలుపు రాకముందే ఫస్ట్ గేరు వేస్తాను. అహం చంపుకుని ఫస్ట్ వేస్తే ఈ బండి ఎక్కలేని కొండ మా చుట్టుపక్కల నాకు కనబడలేదు. దిగేటప్పుడు కూడా సెకండ్‌లోనే. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. బ్రేకులు వేడెక్కాక ఏబీఎస్ ఉన్నా ఏమీ చెయ్యదు.

కొన్న రెండు నెలలకి, 2019 ఏప్రిల్‌లో, మారుతి వాళ్లు వచ్చే ఏడాది నుంచి డీజిల్ కార్లు ఇక అమ్మేది లేదని ప్రకటించారు. అనుకున్నట్టే బావ ఫోను. "అయిపోయింది, ఇంక స్పేర్లు దొరకవు." ఆ రాత్రి నాకూ టెన్షన్ పట్టుకుంది. అయితే ఈ ఇంజన్ పుట్టింది ఫియట్ ఇంట్లో. మన దేశంలో స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ మాత్రమే కాదు, టాటా ఇండికా విస్టా, మాంజా, ఫియట్ పుంటో, లీనియా, అన్నింటిలో ఇదే తిరిగింది. దీన్ని విప్పని మెకానిక్ ఉండడు. ఆ మాట ఎంత నిజమో నాకు 2022లో తెలిసింది. చంద్రగిరి దగ్గర జిరంగలో టిబెటన్ల పెద్ద బౌద్ధ మఠం చూడ్డానికి పిల్లలతో బయల్దేరాం. ఆర్.ఉదయగిరి దాటాక ఒక ఎత్తులో ఫట్‌మని శబ్దం, వెనక నల్ల పొగ, పికప్ సున్నా. ఇంజన్ ఆగలేదు గానీ బండి నడక వేగానికి వచ్చేసింది. అలాగే దేకుతూ రెండు కిలోమీటర్ల అవతల ఒక రేకుల షెడ్డు చేరాం. అక్కడ ఒక కుర్రాడు, వచ్చీరాని తెలుగు, మాటకి ముందు ఒక "ఆగ్యా", ఒడియాలో మన "అండీ" లాంటిది. బానెట్ ఎత్తి, ఏమీ అడక్కుండానే "స్విఫ్ట్ ఇంజన్ కదా" అంటూ చెయ్యి లోపల పెట్టాడు. టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే గొట్టం ఊడిపోయింది, దాని క్లాంపు విరిగింది. వేరే క్లాంపు బిగించి 200 తీసుకున్నాడు. పిల్లలు తినుబండారాల పొట్లం చింపేలోపు పని అయిపోయింది. అదే ఏ గొప్ప బండో అయితే బరంపురం దాకా లాగించుకుని వెళ్లేవాళ్లం. నేను ఈ పాత బండిని ఇంకా ఎందుకు పట్టుకుని ఉన్నానంటే, ఆ షెడ్డే నా సమాధానం.

ఇంట్లో వాళ్ల తీర్పు వేరేలా ఉంటుంది. అమ్మకి నచ్చింది సీటు ఎత్తు. ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు, పక్కకి తిరిగి కూర్చుంటే లోపల ఉన్నట్టే. మధ్య సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది కాబట్టి నాన్న కాళ్లు చాపుకుంటారు. కప్పు దగ్గర మధ్య వరుసకి ఏసీ బ్లోయర్ వేరే ఉంది, మే నెలలో అదే ప్రాణం. మూడో వరుస మాత్రం పిల్లలకే. పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, అక్కడికి చల్లగాలి కూడా బతిమాలితే గానీ రాదు. మా వాడికి ఇప్పుడు పదిహేనేళ్లు, పొడుగయ్యాడు, ఆ సీటు గురించి రోజూ చెల్లెలితో యుద్ధం.

ఏడుగురు ఎక్కాక డిక్కీలో మిగిలేది 135 లీటర్లు. రెండు చేతి సంచులు, ఒక మంచినీళ్ల క్యాను, అంతే. పైన క్యారియర్ బిగించుకున్నాక గానీ సుఖపడలేదు. అదే వెనక సీటు మడిస్తే బరంపురం నుంచి కొట్టుకి పట్టుచీరల మూటలు హాయిగా పడతాయి.

మైలేజీ ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి కొలిచి చెప్తున్నాను: ఊళ్లో 15, ఘాట్‌లో 13, హైవేలో ఏసీతో 19. విశాఖ రానుపోను సుమారు 350 కిలోమీటర్లు, 45 లీటర్ల ట్యాంకులో సగం కూడా అవదు. డీజిల్ ఆంధ్రా కన్నా మావైపు లీటరుకి కొన్ని రూపాయలు తక్కువ, కాబట్టి బయల్దేరేముందే నింపుకుంటాం. అటువైపు బళ్లు కూడా ఇక్కడికొచ్చి నింపుకుంటాయి.

నచ్చనివి: రోడ్డు చప్పుడు లోపలికి బాగా వస్తుంది. డాష్‌బోర్డు ప్లాస్టిక్ ఎండాకాలం కిరకిరలాడుతుంది. హెడ్‌లైట్లు రాత్రి వానలో చాలవు. ముందు చక్రాల దగ్గర లింక్ రాడ్లు, బుష్‌లు మా రోడ్లకి ఏడాదిన్నరకోసారి పోతాయి. ఒకసారి పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసితో పూడుకుపోయి పికప్ తగ్గింది, విప్పి కడిగారు. టైర్లు రెండు సెట్లు మార్చాను. అన్నీ కలిపి ఏడాదికి 20 వేల లోపే. ఆయిల్ మాత్రం 10 వేల కిలోమీటర్లు ఆగను, 8 వేలకే మార్పిస్తాను. చైన్ సంగతి గుర్తుంది కదా.

ఇప్పుడు ఎవరైనా ఇలాంటిది కొనొచ్చా అని అడిగితే, నెలకి అయిదారు వందల కిలోమీటర్లు కూడా తిరగనివాళ్లు పెట్రోల్ బండి చూసుకోవడమే మంచిది. దూరాలు తిరిగే పెద్ద కుటుంబం అయితే, ఆర్‌సీలో ఎన్నేళ్లు మిగిలాయో చూసి తీసుకోండి. నాది 2029 దాకా ఉంది. ఆ తర్వాత అయిదేళ్లకి పొడిగించాలంటే మళ్లీ ఫిట్‌నెస్, మళ్లీ ఖర్చు.

మొన్న సంక్రాంతి వెళ్లాక బావ మా బండి అడిగి తీసుకెళ్లాడు, మేనకోడలి సంబంధం చూడ్డానికి రాయగడ. నాలుగు రోజులు ఉంచుకుని, ట్యాంకు నింపి, కడిగించి మరీ తెచ్చి ఇచ్చాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అమ్మేటప్పుడు ముందు నాకు చెప్పు బావా" అన్నాడు. అప్పట్నుంచి ఇప్పటికి మూడుసార్లు అడిగాడు. రేటు మాత్రం ఇంకా చెప్పలేదు.