గుండుగాడి ట్యాంకు: మూడేళ్లు వాడాక ఏది నిలిచింది, ఏది మూలన పడింది

మా ఒరాండా (నెత్తిమీద కండ పెరిగే రకం) గోల్డ్‌ఫిష్ పేరు గుండు. మూడేళ్ల క్రితం వాడు చావుదాకా వెళ్లి వచ్చాడు. ఆ జబ్బు తెచ్చిపెట్టింది నేనే, అదీ వైద్యం పేరుతో. అప్పుడు హడావిడిగా కొన్నవీ, తర్వాత తీరిగ్గా కొన్నవీ కలిపి ఈ సమీక్ష రాస్తున్నా. కంపెనీల పేర్లు రాయను. ఒకే వస్తువు రెండు మూడు కంపెనీలవి వాడాను, చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు.

ఒక పొద్దున వాడి మొప్ప మూతల మీద తెల్లటి చుక్కలు కనిపించాయి. తెల్ల చుక్కలంటే తెల్లమచ్చల వ్యాధే అని ఎక్కడో చదివిన గుర్తు. గంటలో మిథిలీన్ బ్లూ అనే నీలం మందు సీసా తెచ్చి, వాడుండే 20 లీటర్ల ట్యాంకులోనే పోసేశా. నీళ్లు సిరాబుడ్డిలా అయ్యాయి. మూడో రోజుకి వాడు రెక్కలు ఒంటికి అంటించుకుని మూలన కూలబడ్డాడు. మందు చాల్లేదనుకుని ఇంకో డోసు వేశా! ఐదో రోజు నీటి పైకొచ్చి నోరు తెరుచుకుని ఆయాసపడుతున్నాడు. తోక అంచులు పీలికలయ్యాయి, రెక్కల్లో ఎర్రటి గీతలు తేలాయి. చుక్కలు మాత్రం ఒక్కటీ పోలేదు.

పోవు కూడా. అవి జబ్బు చుక్కలే కావు. మగ గోల్డ్‌ఫిష్‌కి జతకట్టే కాలంలో వచ్చే పొక్కులవి. మొప్ప మూతల మీద, పక్క రెక్కల ముందు ఎముక మీద ఎక్కువగా వస్తాయి, ముత్యాలు గుచ్చినట్టు వరసగా. తెల్లమచ్చల పరాన్నజీవి అయితే ఒళ్లంతా, తోక చివరిదాకా ఉప్పురవ్వలు చల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటుంది. చేప కూడా దురద పుట్టినట్టు రాళ్లకీ గోడలకీ ఒళ్లు రుద్దుకుంటుంది. గుండు ఒక్కసారి కూడా రుద్దుకోలేదు. చూస్తే తెలిసేదే, నేను చూడలేదు.

అప్పుడు కొన్నది టెస్ట్ కిట్, అంటే నీళ్లలో చుక్కల మందు వేసి విషాలు కొలిచేది. ఈ సమీక్షలో సగం దాని గురించే, ఎందుకంటే వాడు బతకడంలో దాని వాటా కూడా అంతే.

అమ్మోనియా పరీక్ష ఇలా ఉంటుంది. చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల ట్యాంకు నీళ్లు, మొదటి సీసా నుంచి 8 చుక్కలు, రెండో దాన్నుంచి 8 చుక్కలు, మూత పెట్టి ఊపి ఐదు నిమిషాలు ఆగాలి. పసుపు పచ్చగా ఉంటే అమ్మోనియా లేనట్టు. నాది రెండు నిమిషాలకే ఆకుపచ్చకి తిరిగింది, ఐదో నిమిషానికి ఇంకా ముదిరింది. రంగుల కార్డు పక్కన పెట్టి చూస్తే 4 పీపీఎం (పది లక్షల్లో 4 భాగాలు) గడికి సరిపోయింది. అసలు అక్కడ సున్నా తప్ప ఏదీ ఉండకూడదు.

జరిగింది ఇదీ. గోల్డ్‌ఫిష్ మొప్పల నుంచే అమ్మోనియా వదులుతుంది, మిగిలిపోయిన మేతా మలమూ దానికి తోడు. ఫిల్టర్‌లో కాపురముండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది పెద్దమొత్తంలో పేరుకుంటే తప్ప అంత ప్రమాదం కాదు. నేను పోసిన మిథిలీన్ బ్లూ ఆ బ్యాక్టీరియాని చంపేసింది. ఉన్నదే 20 లీటర్లు, అందులో రోజంతా తినే చేప. వాడు తన విషంలో తనే ఉడికిపోయాడు.

ఆ రోజు నుంచి మందులన్నీ బంద్. నీలం పోవడానికి ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, రోజూ సగం నీళ్లు మార్చా. సగం మారిస్తే సగం విషం పోతుంది, అంతకు మించి పోదు. మర్నాటికి వాడు మళ్లీ కొంత కలుపుతాడు. అందుకే రోజూ కొలవడం, రోజూ మార్చడం. కొత్త నీళ్లు పాత నీళ్లంత వేడిలోనే ఉండేలా చూసి, యాంటీ క్లోరిన్ ద్రవం కలిపాకే పోశా. రెండు రోజులు మేత ఆపి, తర్వాత చిటికెడు. తెలిసినవాళ్ల ఇంట్లో ఏళ్లుగా నడుస్తున్న, ఆ బ్యాక్టీరియా పట్టిన ఫిల్టర్ స్పాంజ్ ముక్క ఒకటి అడిగి తెచ్చి మా ఫిల్టర్‌లో ఇరికించా. చేసినవాటిలో తెలివైన పని అదొక్కటే.

రెండో వారం అమ్మోనియా దిగడం మొదలైంది, నైట్రైట్ గొట్టం లేత నీలం నుంచి ఊదాకి తిరిగింది. నైట్రైట్ రక్తంలోకి వెళ్తే ప్రాణవాయువు మోసే శక్తి తగ్గి రక్తం గోధుమ రంగుకి మారుతుంది. ఇక్కడ ఉప్పు నిజంగా పనికొచ్చింది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కి అడ్డం పడుతుంది. లీటరుకి 1 గ్రాము లెక్కన, వేరే గిన్నెలో కరిగించి, ఒకటిన్నర రోజులో మూడు దఫాలుగా పోశా. ఉప్పు ఆవిరైపోదని మర్చిపోకండి. నీళ్లు తగ్గాయని కలిపేటప్పుడు మామూలు నీళ్లే కలపాలి. నీళ్లు తీసి మార్చినప్పుడు మాత్రం తీసిన నీళ్లకి సరిపడా మళ్లీ వేయాలి. మొక్కలున్న ట్యాంకైతే ఆలోచించి వేయండి, ఎక్కువైతే చచ్చిపోతాయి.

ఐదో వారం చివర రెండు గొట్టాలూ సున్నా చూపించాయి. సరిగ్గా అప్పుడే గుండు తోక అంచున నల్లటి మచ్చలు లేచాయి, నా గుండె జారిపోయింది. మళ్లీ సీసా అందుకోబోయి ఆగా. అమ్మోనియా కాల్చిన చోట పుండు మానేటప్పుడు అలా నల్లబడుతుందట. కొన్నాళ్లకి నలుపు పోయి, ఆ అంచు వెంట సెల్లోఫేన్ కాగితంలాంటి పల్చటి కొత్త పొర కనబడింది. రంగు పట్టడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

కిట్ మీద ఫిర్యాదులు లేకపోలేదు. నైట్రేట్ పరీక్షకిచ్చే రెండో సీసాలో మందు అడుగున గట్టిపడుతుంది. దాన్ని అరనిమిషం గట్టిగా ఊపాలని కాగితం మీద రాసే ఉంది, నేను లెక్కచేయలేదు. నెలల తరబడి 5 చూపిస్తుంటే నా అంత శుభ్రంగా ట్యాంకు పెట్టేవాడు లేడనుకున్నా. ఒకరోజు సీసాని బల్లకేసి కొట్టి మరీ ఊపితే 80 చూపించింది! ఇంకోటి, ట్యూబ్‌లైటు కింద సున్నాకీ 0.25కీ తేడా తెలియదు. కిటికీ దగ్గర తెల్ల కాగితం ముందు పెట్టి చూడాలి. గొట్టానికి బొటనవేలు అడ్డం పెట్టి ఊపకండి, ఆ సీసాల్లో ఆమ్లం లాంటివి ఉంటాయి. ఇన్ని తంటాలున్నా నీళ్లలో ముంచి చూసే స్ట్రిప్పుల కంటే ఇదే నయం. చాలా స్ట్రిప్పుల్లో అసలు అమ్మోనియా గడే ఉండదు.

తర్వాతి కొనుగోలు పెద్ద ట్యాంకు. మూడడుగుల పొడవు, నింపితే సుమారు 120 లీటర్లు. దీని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు: ముందే కొనాల్సింది. గాజు బౌల్‌లో గోల్డ్‌ఫిష్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, సరిగా చూసుకుంటే పదేళ్లు దాటి బతికే ప్రాణి అది. అడుగున గులకరాళ్లు కూడా తీసేశా. ఒకసారి గుండు నోట్లో రాయి ఇరుక్కుని, నేను చేతులు కడుక్కుని వచ్చేలోపు వాడే ఉమ్మేశాడు. రెండోసారి అదృష్టం పరీక్షించదలుచుకోలేదు.

స్పాంజ్ ఫిల్టర్లు రెండు, ఒక ఎయిర్ పంప్‌తో నడుస్తాయి. అందం లేదు, నల్లటి దూది ముద్దల్లా ఉంటాయి, రాత్రిళ్లు బుడబుడ శబ్దం. ఉతికి పెట్టుకుంటే మాత్రం ఏళ్లు వస్తాయి, చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. ఉతకడం కుళాయి కింద కాదు. ట్యాంకులోంచి తీసిన నీళ్ల బకెట్లోనే పిండాలి, లేకపోతే క్లోరిన్‌కి బ్యాక్టీరియా పోతుంది. రెండూ ఒకే రోజు పిండకండి. పంపు నీటిమట్టం కంటే కింద పెడితే గొట్టానికి నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ తప్పనిసరి. నేను పెట్టలేదు. ఒక రాత్రి కరెంటు పోయింది. గొట్టంలోంచి నీళ్లు వెనక్కి లాగి పంపులోకి, పంపు నుంచి నేల మీదికి వచ్చేశాయి. పొద్దున చాప తడిగా తగిలాక తెలిసింది. చెక్ వాల్వ్ నా చిటికెనవేలంత ఉంటుంది.

యాంటీ క్లోరిన్ ద్రవం కొనేముందు మీ కుళాయి నీళ్లలో క్లోరినా, క్లోరమినా (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) తెలుసుకోండి. క్లోరమిన్ విడిపోతే అమ్మోనియా బయటపడుతుంది, కాబట్టి దాన్ని కూడా పట్టి ఉంచే రకం కావాలి. అలాంటిది వాడినప్పుడు కిట్ కొంచెం ఆకుపచ్చ చూపించవచ్చు. పట్టి ఉంచిన అమ్మోనియాని కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది మరి.

మిథిలీన్ బ్లూని చెడ్డ మందు అనను. వేరే తొట్టిలో, ఫిల్టర్‌కి దూరంగా, అవసరమైన జబ్బుకి వాడితే మంచిదే. నేను పోసిన చోటే తప్పు. ఆ 20 లీటర్ల ట్యాంకుని ఇప్పుడు జబ్బు తొట్టిగా ఉంచా, మూలల్లో సిలికాన్ ఇంకా నీలంగానే ఉంది. ఎంత రుద్దినా పోలేదు.

పొట్ట ఉబ్బి ఒక పక్కకి ఒరిగినప్పుడు ఒకటి రెండు రోజులు పస్తు పెట్టి, తొక్క తీసి ఉడికించిన బఠాణీ పెట్టడం రెండుసార్లు పనిచేసింది. మూడోసారి పనిచేయలేదు. అప్పుడు కొలిస్తే నైట్రేట్ ఎక్కువుంది, నీళ్లు మార్చాక రెండు రోజుల్లో నిటారుగా ఈదాడు.

ప్రతి ఏడూ అవే చుక్కలు, అవే చోట్ల వస్తున్నాయి. పోతున్నాయి. ఇప్పుడు వాడి సమస్య వేరు. నెత్తిమీది కండ పెరిగి ఎడమ కన్ను సగం కప్పేసింది, ఆ వైపు పడ్డ మేత వాడికి కనబడదు. కత్తిరించేవాళ్లున్నారట, నాకు ధైర్యం చాల్లేదు. ప్రస్తుతానికి కుడి వైపు గాజు మీద రెండుసార్లు తట్టి, వాడు తిరిగి చూశాక మేత వేస్తున్నా. నాలుగు రోజుల్లో అలవాటు పడ్డాడు. ఇప్పుడు నేను గాజు దగ్గరికి ఊరికే వెళ్లినా కుడి మూలకే వచ్చి నిలబడుతున్నాడు.