వాచీ మీద గీతలకు ఏది మేలు: బ్రాసోనా, స్కాచ్‌బ్రైటా, ప్రొద్దుటూరు బఫ్ మోటారా?

స్టీలు చైను వాచీలో అన్నిటికంటే ముందు గీతలు పడేది చైను లాకు మీద. బల్ల మీద చెయ్యి ఆనించి రాసినా, బండి హ్యాండిల్ తిప్పినా రాసుకునేది అదే. మా కడపలో నేరమంతా ఇంట్లో పరిచిన నాపబండ మీదికి నెడతారు గానీ, సున్నపురాయి జాతి బండ స్టీలు కంటే మెత్తన. గీసేది బండ మీది ఇసుక. అందులోని క్వార్ట్జ్ అనే ఖనిజం స్టీలు కంటే గట్టిది, ఇక్కడి ఎండాకాలపు గాలిదుమ్ములో దానికి కరువు లేదు.

గీత తీయడమంటే పూడ్చడం కాదు. చుట్టూ ఉన్న లోహాన్ని గీత అడుగుదాకా అరగదీయడం. అందుకే ముందు గీతకు అడ్డంగా గోరు లాగి చూడండి. గోరు పట్టుకుంటే ఆ గీత చేతి రుద్దుడుకు లొంగదు, దానికోసం చెయ్యి నొప్పి పుట్టించుకోవద్దు. గోరు జారిపోతే ఇంట్లోనే పని అవుతుంది.

ఇక బ్రాసోనా, స్కాచ్‌బ్రైటా అన్నది మీ ఇష్టాన్ని బట్టి కాదు, ఆ భాగం మెరుపుని బట్టి ఉంటుంది. అద్దంలా మెరిసే భాగానికి బ్రాసో, అంటే ఇత్తడి సామాన్లకు మెరుగు పెట్టే ద్రవం. సన్నటి చారలతో మసగ్గా ఉండే భాగానికి గిన్నెలు తోమే పచ్చ స్కాచ్‌బ్రైట్. తారుమారైతే పని చెడుతుంది. చారల మీద బ్రాసో రుద్దితే అక్కడక్కడా మెరిసి జిడ్డు మరకల్లా కనిపిస్తుంది. మెరిసే అంచుకి స్కాచ్‌బ్రైట్ తగిలిందా, ఒక్క గీత పోయి వంద గీతలొస్తాయి.

రెండిట్లో నా ఓటు స్కాచ్‌బ్రైట్‌కే. చైన్లు ఎక్కువగా చారల ఫినిష్‌లోనే వస్తాయి, పైగా తేడా వెంటనే కనబడుతుంది. పిన్నులు తీసి చైనుని కేసునుంచి, అంటే వాచీ డబ్బానుంచి, వేరు చేయండి. మధ్య లింకులు మెరిసేవైతే వాటి మీద పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు అతికించండి. చైనుని బల్ల మీద చదునుగా పరిచి, చారలు ఏ దిక్కున ఉన్నాయో ఆ దిక్కునే, ఒకే వైపుకి, నిదానంగా లాగండి. ముందుకీ వెనక్కీ తోమకూడదు, గుండ్రంగా అసలే తిప్పకూడదు. కొత్త ముక్క గరుకు, వాడి పారేసే దశలో ఉన్నది మెత్తన. మెత్తనిదానితో మొదలుపెట్టడం మంచిది. లాగినకొద్దీ పాత గీతలు కొత్త చారల్లో కలిసిపోతాయి. చివర్లో గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టాలి.

బ్రాసో పని ఇంకా నిదానం. మెత్తటి బనీను గుడ్డకి కొద్దిగా అద్ది రుద్దుతూ పోవాలి, గుడ్డ నల్లబడుతుంటే లోహం అరుగుతోందని గుర్తు. కీ దగ్గరికీ, వెనక మూత సందుల్లోకీ ద్రవం పోనివ్వొద్దు. తోలు పట్టీ ఉంటే తీసేయాలి. ఇత్తడి చెంబుకి పనిచేస్తుంది కదా అని చింతపండు పట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. పులుపు చిలుము తీస్తుంది గానీ గీతను ఏమీ చేయలేదు.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పేరుమోసిన ఊరు, బఫ్ మోటారు, అంటే మెరుగు పెట్టే చక్రం తిప్పే మోటారు, ఉన్న పనివాళ్లు దొరుకుతారు. నిమిషాల్లో వాచీ తళతళలాడిపోతుంది. గొడవంతా అంచులతోనే. తిరిగే చక్రం ముందు అరగదీసేది అంచుల్నే. పదునుగా ఉండాల్సిన కేసు మూలలు గుండ్రమవుతాయి, చారల ఫినిష్ మాయమవుతుంది, వెనక మూత మీది అక్షరాలు పలచబడతాయి. పోయిన లోహం మళ్లీ రాదు. గోరు పట్టుకునేంత గీతలుంటే మోటారు తప్పదేమో గానీ, అప్పుడు నగల పనివాడి కంటే వాచీ లోపలి మిషన్ విప్పి పక్కన పెట్టి కేసొక్కటే మెరుగు పెట్టే రిపేరరే నయం.

తాతల నాటి హెచ్‌ఎంటీ అయితే ముందు తిప్పి వెనక మూత చదవండి. 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలైన ఆ వాచీల్లో చాలావాటికి ఇత్తడి కేసు మీద క్రోమియం పూత ఉంటుంది. మూత మీద ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని ఉంటే స్టీలుకి హామీ ఆ మూతకే. పట్టీ తగిలించే కొమ్ముల దగ్గర పసుపు రంగు బయటపడి ఉంటే ఇక అనుమానమే లేదు. బ్రాసో, స్కాచ్‌బ్రైట్, మోటారు ఏదీ వద్దు, రుద్దినకొద్దీ ఇత్తడే తేలుతుంది. బంగారు పూతకీ, నల్ల పూత వాచీలకీ ఇదే వరస. గీతలతోనే కట్టుకోండి, టెన్షన్ ఉండదు.

ఆ పాత వాచీల్లో ధైర్యంగా రుద్దగలిగేది పైనున్న ప్లాస్టిక్ అద్దాన్ని. జెల్ కాకుండా మామూలు తెల్ల టూత్‌పేస్టు కొంచెం గుడ్డకి అద్ది రుద్దితే చిన్న గీతలు పోయి డయల్ తేటగా కనబడుతుంది. ఇప్పటి వాచీల్లోని మినరల్ గ్లాసు మీద ఎంత రుద్దినా పేస్టు దండగే, అక్కడ అద్దం మార్పించుకోవడమే దారి.